చీము లేదు, జ్వరం లేదు... మరి యాంటీబయాటిక్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 54. పద్నాలుగేళ్లుగా షుగరు ఉంది. ఆరేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్నాను. ఏడాది నుంచి నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతోంది. పొద్దున తిన్నది రాత్రి వాంతిలో అలాగే పడుతోంది. ఎండోస్కోపీ చేసి, అడ్డంకి ఏమీ లేదు గానీ పరగడుపున కూడా ముందురోజు తిండి లోపలే ఉందన్నారు. తర్వాత స్కాన్ తీసి ‘గ్యాస్ట్రోపరేసిస్’ (కడుపు మందగించి తిండి కిందికి దిగకపోవడం) అని తేల్చారు. ఎరిత్రోమైసిన్ సిరప్ 5 మి.లీ. చొప్పున రోజుకు మూడుసార్లు, భోజనానికి అరగంట ముందు, నాలుగు వారాలు వాడమని రాశారు. ఎందుకని అడిగితే ‘ఇది మోటిలిన్ అనే హార్మోన్‌లా పనిచేస్తుంది’ అన్నారు. అంతకుమించి చెప్పే తీరిక ఆయనకు లేకపోయింది. మావారేమో ‘జ్వరం లేదు, చీము లేదు, యాంటీబయాటిక్ ఏమిటి? అదీ చిన్నపిల్లల సిరప్పా?’ అంటున్నారు. పది రోజులు తాగాక వాంతులు తగ్గాయి, మానేశాను. నెల తిరక్కుండానే మళ్లీ మొదలయ్యాయి. ఆ హార్మోన్‌నే ఇంజెక్షన్‌గా ఇవ్వరా? అది ఎంత ఉందో రక్తపరీక్ష చేయించుకోవాలా? భోజనానికీ భోజనానికీ మధ్య ఐదు గంటలు ఖాళీ ఉంచితే మోటిలిన్ బాగా పనిచేస్తుందని ఇంటర్నెట్‌లో చదివాను, నిజమేనా? ఇంకొక్క మాట. మా అమ్మాయికి పాప పుట్టి పది రోజులైంది. పాలు కక్కుతోంది. మిగిలిన సిరప్ రెండు చుక్కలు వేయొచ్చా?
(పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్న. పాపకు ఆ సిరప్ ఒక్క చుక్క కూడా వేయకండి. పుట్టిన మొదటి రెండు వారాల్లో ఎరిత్రోమైసిన్ తాగిన పిల్లల్లో కడుపు కింది ద్వారం దగ్గరి కండరం మందంగా పెరిగి, పాలు దిగకుండా అడ్డుపడే జబ్బు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని పైలోరిక్ స్టెనోసిస్ అంటారు. అది వస్తే ఆపరేషన్ దాకా వెళ్లాల్సి ఉంటుంది. పాలు తాగాక కాస్త కక్కడం పసిపిల్లల్లో మామూలే. వాంతి చిమ్మినట్టు దూరంగా పడుతున్నా, ఆకుపచ్చగా ఉన్నా, పాప బరువు పెరగకపోయినా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. అమ్మమ్మ మందు అమ్మమ్మకే ఉండనివ్వండి.

ఇక మీ సంగతి. మీ డాక్టరు పొరబడలేదు. మీవారి అనుమానంలోనూ తప్పు లేదు. ఇన్ఫెక్షన్ లేనిచోట యాంటీబయాటిక్ ఎందుకని అడిగే మనుషులు ఇంటికొకరు ఉంటే మంచిదే. కాకపోతే మీ చీటీలో ఆ మందు ఉన్నది సూక్ష్మజీవుల కోసం కాదు. ఆ సంగతి తెలియాలంటే ఖాళీ కడుపులో ఏం జరుగుతుందో చూడాలి.

తిండి లేకపోతే కడుపుకు పని ఉండదనుకుంటాం. ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రాత్రి భోజనం చేసి పడుకున్నాడనుకోండి. తిన్నదంతా కడుపులోంచి దిగిపోయాక ముప్పావుగంటో గంటో అక్కడ అలికిడే ఉండదు. తర్వాత అరగంటపాటు అక్కడో నొక్కు, ఇక్కడో నొక్కు, ఒక వరసంటూ లేకుండా కదలికలు మొదలవుతాయి. ఆపైన ఉన్నట్టుండి తాళం వేసినట్టు నిమిషానికి మూడుసార్లు కడుపు బలంగా ముడుచుకుంటుంది. పైనుంచి కిందికి పిండుకుంటూ వస్తుంది, కింది ద్వారం బార్లా తెరుచుకుంటుంది. ఈ జోరు ఐదు నుంచి పది నిమిషాలు. అదే అల చిన్నపేగులోకి దిగి, అక్కడ నిమిషానికి పదకొండు పన్నెండుసార్లు ముడుచుకుంటూ మెల్లగా కిందికి నడుస్తుంది. పైన కడుపు మళ్లీ సద్దుమణుగుతుంది. గంటన్నర, రెండు గంటలకొకసారి ఇదంతా తిరిగి మొదలవుతుంది. మనిషి నిద్రలో ఉన్నా ఆగదు. నోట్లోకి తిండి వెళ్లిందంటే మాత్రం ఆగిపోయి, తిన్నదాన్ని నూరే వేరే రకం కదలిక మొదలవుతుంది. ఖాళీ కడుపులో వినిపించే గుడగుడలో చాలా భాగం ఈ ఊడ్పుదే. నలుగురిలో వినిపిస్తే సిగ్గుపడతాం గానీ, లోపల ఇల్లు శుభ్రమవుతున్న చప్పుడది.

ఈ ఊడ్పు ఎందుకంటే, తిన్నాక కడుపు కింది ద్వారం మహా పిసినారిగా ఉంటుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించిన తునకలను సాధారణంగా కిందికి పోనివ్వదు, తిరిగి నూరమని వెనక్కి నెట్టేస్తుంది. ఎంత నూరినా నలగనివి కొన్ని ఉంటాయి. గట్టి పీచు, తొక్కలు, గింజలు, పిల్లలు మింగిన నాణెం లాంటివి. అవి అలా కూర్చుని ఖాళీ కడుపు ఊడ్పు కోసం ఎదురుచూస్తాయి. ఆ ఊడ్పు రాకపోతే రోజుల తరబడి అక్కడే పేరుకుని ఉండకట్టే ప్రమాదం ఉంది. మీ ఎండోస్కోపీలో పరగడుపున కనిపించిన ముందురోజు తిండి ఇలా మిగిలిపోయిందే. పేగుల్లో ఈ అల సరిగా నడవనివాళ్లలో చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరగడం కూడా చూస్తాం. ఈ సంబంధాన్ని బెల్జియం వైద్యులు 1977లోనే గమనించారు.

కడుపులో ఈ ఊడ్పును మొదలుపెట్టించేదే మోటిలిన్. చిన్నపేగు మొదటి భాగం గోడల్లోని కొన్ని కణాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి. ఇది 22 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. కెనడాలో జాన్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త 1960లలో కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ, చిన్నపేగు మొదటి భాగంలోకి క్షార ద్రవం పంపితే కడుపు కదలికలు పెరగడం గమనించాడు. ఆ ఆధారం పట్టుకుని వెతుకుతూ పంది పేగు పొరలోంచి ఈ పదార్థాన్ని విడదీశాడు. కదలికను, అంటే మోటిలిటీని, పెంచుతుంది కాబట్టి దానికి మోటిలిన్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత జపాన్‌లో జెన్ ఇటో బృందం, ఉపవాసంలో ఉన్న కుక్కలకు మోటిలిన్ ఎక్కిస్తే ఆ ఊడ్పు అల వచ్చేస్తుందని చూపించింది.

ఎరిత్రోమైసిన్ కథలోకి వచ్చింది కూడా అక్కడే. గొంతునొప్పికో దగ్గుకో ఎప్పుడైనా ఈ మందు వాడినవాళ్లను అడగండి. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వికారం, విరేచనాలు అని ఏకరువు పెడతారు. మందు పడలేదని మానేసినవాళ్లూ ఎందరో. 1984లో అదే జపాన్ బృందం ఈ మందును కొద్ది మోతాదులో కుక్కలకు ఇచ్చి చూస్తే, అచ్చం మోటిలిన్ తెప్పించే అలలే వచ్చాయి. అంటే ఇన్నాళ్లూ దుష్ప్రభావమని తిట్టుకున్నది ఒక హార్మోన్ పనికి నకలు. మోటిలిన్ వచ్చి అంటుకునే గ్రాహకాలు కడుపు కండరాలమీదా నరాలమీదా ఉంటాయి. వాటిని తాళాలనుకుంటే, ఎరిత్రోమైసిన్ ఆ తాళాలకు సరిపోయిన మారు తాళంచెవి. సూక్ష్మజీవులను చంపే గుణానికీ దీనికీ సంబంధం లేదు. ఒకే మందులో రెండు విద్యలు, అంతే.

1990లో బెల్జియంలోని లూవెన్ వైద్యులు మీలాంటివాళ్ల మీదే దీన్ని పరీక్షించారు. షుగరు వల్ల కడుపు మందగించిన పదిమందికి భోజనం పెట్టి రెండు గంటలయ్యాక చూస్తే, మందు లేనప్పుడు ఘనాహారంలో సుమారు 63 శాతం కడుపులోనే ఉంది. ఎరిత్రోమైసిన్ నరంలోకి ఎక్కించినప్పుడు మిగిలింది 4 శాతం. ఆరోగ్యవంతుల కడుపు కంటే కూడా వేగంగా ఖాళీ అయిందన్నమాట. నాలుగు వారాలు నోటి ద్వారా ఇచ్చినప్పుడు మేలు జరిగింది గానీ అంత గొప్పగా కాదు.

మోతాదు చూస్తే మీవారికి మరికాస్త నమ్మకం కుదురుతుంది. ఇన్ఫెక్షన్‌కైతే పెద్దవాళ్లకు 250 నుంచి 500 మి.గ్రా. రోజుకు నాలుగుసార్లు రాస్తాం. మీ సీసా మీద 5 మి.లీ.లో 125 మి.గ్రా. అని ఉంటే, మీకు రోజు మొత్తానికి అందేది 375 మి.గ్రా. పిల్లల సిరప్ రాయడం వెనకా ఆలోచన ఉంది. మందగించిన కడుపులో మాత్ర కూడా తిండిలాగే గంటల తరబడి కూర్చుంటుంది. ద్రవమైతే త్వరగా జారి పేగుల్లోకి చేరి ఒంటికి పడుతుంది. అరగంట ముందు తాగమన్నది, మీరు భోజనానికి కూర్చునేసరికి మందు పని మొదలుపెట్టి ఉండాలని.

మీరు చేసిన పొరపాటు, సొంతంగా మానేయడం. అయితే ‘యాంటీబయాటిక్ కోర్సు పూర్తిచేయకపోతే సూక్ష్మజీవులు మొండికేస్తాయి’ అనే భయంతో మిమ్మల్ని కోప్పడబోవడం లేదు. ఇక్కడ చంపాల్సిన ఇన్ఫెక్షనే లేదు కదా. ఈ మందుతో చిక్కు వేరే ఉంది. మారు తాళంచెవి అదేపనిగా తిప్పుతుంటే తాళం అరిగినట్టు, ఎడతెగకుండా వాడితే మోటిలిన్ గ్రాహకాలు కణాల ఉపరితలం నుంచి తగ్గిపోతాయి, స్పందన మొద్దుబారుతుంది. కొన్ని వారాల్లోనే మందు పస తగ్గడం చాలామందిలో చూస్తాం. అందుకే నాలుగు వారాలు అని గడువు రాశారు. ఆపి కొంతకాలం విరామం ఇస్తే ఆ తాళాలు మళ్లీ తేరుకుంటాయి, అవసరమైతే మరో విడత వాడొచ్చు. కాబట్టి మీకు వాంతులు తిరగబెట్టాయంటే మందు ఓడిపోయిందని కాదు. పది రోజుల్లోనే అంత మార్పు కనిపించడం మంచి కబురే. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో మాత్రం మీ వాంతులు చూసి మీరు కాకుండా, మీ చీటీ, ఈసీజీ చూసి డాక్టరు చెప్పాలి. ఎంత చిన్న మోతాదైనా యాంటీబయాటిక్ యాంటీబయాటికే. నెలల తరబడి అలవాటుగా తాగితే ఒంట్లోని బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది.

ఈసీజీ మాట ఎందుకు తెచ్చానంటే, ఎరిత్రోమైసిన్ కొందరిలో గుండె విద్యుత్ లయను పాడుచేస్తుంది. ఈసీజీలో ‘క్యూటీ’ అనే దూరాన్ని పెంచుతుంది, అది మితిమీరితే ప్రాణాంతకమైన లయభంగం రావచ్చు. వాంతులతో పొటాషియం పడిపోయినవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. మీలాంటివాళ్ల దగ్గర నాకు అన్నిటికంటే భయం డాంపెరిడోన్ గురించి. వాంతికి మంచిదని ఎవరో చెబితే చటుక్కున వేసేసుకుంటారు. అదీ క్యూటీని పెంచేదే, పైగా ఎరిత్రోమైసిన్ దాన్ని రక్తంలో మరింత పేరుకునేలా చేస్తుంది. రెండూ కలిపి వాడకూడదు. కొలెస్ట్రాల్‌కు సింవాస్టాటిన్ లేదా లోవాస్టాటిన్ వేసుకుంటున్నా ఇబ్బందే, కండరాలు దెబ్బతినవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, గౌట్ కీళ్లనొప్పికి వాడే కోల్చిసిన్, గుండె లయకు వాడే అమియోడరోన్, డైగాక్సిన్ వాడుతున్నా చెప్పి తీరాలి. షుగరుతో పద్నాలుగేళ్లు గడిచిన మనిషి మందుల డబ్బాలో వీటిలో ఒకటైనా ఉండే అవకాశం ఎక్కువ. అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్లమీద గుమ్మరించండి. జాబితా రాసుకెళితే ఒకటి రెండు మరిచిపోతాం.

ఇక హార్మోన్ ఇంజెక్షన్ గురించి. మోటిలిన్ మింగితే మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. రక్తంలోకి ఎక్కిస్తే కొన్ని నిమిషాల్లోనే కరిగిపోతుంది. పరిశోధనల కోసం బొట్టుబొట్టుగా ఎక్కిస్తారు గానీ ఇంట్లో వాడే మందు కాలేదు. దానికి బదులు, సూక్ష్మజీవుల జోలికి పోకుండా మోటిలిన్ పని ఒక్కటే చేసే మాత్రలు తయారుచేయాలని కంపెనీలు చాలా ప్రయత్నించాయి. ఏబీటీ-229 అనే మందు మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. పరీక్షల్లో చూస్తే, రోగులకు ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ సుఖమేమీ దక్కలేదు, కొందరికి బాధలు ఇంకా పెరిగాయి. గంటల తరబడి ఆ గ్రాహకాలను నొక్కిపట్టి ఉంచితే అవి మొద్దుబారతాయన్నది ఒక కారణం. కడుపు త్వరగా ఖాళీ కావడం, మనిషికి హాయిగా ఉండడం ఒకటి కాకపోవడం మరో కారణం. గడియారంలా వచ్చిపోయే హార్మోన్‌కు నకలుగా, వచ్చి తిష్ఠవేసే మందును తయారుచేస్తే ఇలాగే అవుతుందని నా అభిప్రాయం.

ఈ హార్మోన్ మీద పరిశోధన నత్తనడక నడవడానికి ఒక విచిత్రమైన కారణం కూడా ఉంది. ప్రయోగశాలల్లో అందరూ వాడే ఎలుకలకూ చిట్టెలుకలకూ పనిచేసే మోటిలిన్ జన్యువు లేదు. పరిణామక్రమంలో ఎక్కడో పోగొట్టుకున్నాయి. కుక్కలతో చేయడం ఖర్చు, కష్టం. చివరికి జపాన్ శాస్త్రవేత్తలు చుంచెలుకను పట్టుకున్నారు. మూతి సాగదీసుకుని, గోడవారన వాసన కొడుతూ పరిగెత్తే చుంచే. పేరులో ఎలుక ఉన్నా అది ఎలుక జాతి కాదు, దానికి మోటిలిన్ ఉంది. కడుపు అలలూ మనలాగే వస్తాయి.

రక్తపరీక్ష వద్దు. మీ కడుపు మందగించింది మోటిలిన్ కరువై కాదు. షుగరు వల్ల ఇలా అయినవాళ్లను పరీక్షిస్తే చాలామందిలో ఆ హార్మోన్ తగ్గలేదు, కొందరిలో మామూలు కంటే ఎక్కువే ఉంది. కబురు వస్తూనే ఉంది, అందుకుని పనిచేసే నరాలూ, లయ కట్టే కణాలూ దెబ్బతిన్నాయి. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగరు చేసిన నష్టమది. అంతేకాదు, ఆ పూటకు రక్తంలో గ్లూకోజు బాగా పెరిగినా చాలు, కడుపు ఇంకా మందగిస్తుంది. మందు ఎంత వాడినా షుగరు పైనే ఉంటే ఎదురీతే.

అందుకని సిరప్ మళ్లీ మొదలుపెట్టే వారంలో గ్లూకోజు మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోండి. ఇన్నాళ్లూ మీరు భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటే, తిండి కడుపులోనే ఆగిపోయి ముందు షుగరు పడిపోవడం, గంటల తర్వాత తిండి దిగాక ఒక్కసారిగా పెరగడం జరుగుతూ ఉండి ఉంటుంది. కడుపు వేగం మారితే ఈ లెక్క మొత్తం మారుతుంది. ఇన్సులిన్ ఎంత, ఎప్పుడు అన్నది మీ డాక్టరుతో కలిసి మళ్లీ కట్టుకోవాలి. బరువుకో షుగరుకో సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు వేసుకుంటుంటే ఆ సంగతీ చెప్పండి. అవి ఇంకో పేగు హార్మోన్‌కు నకళ్లు, కడుపును నెమ్మది చేయడం వాటి పనిలో భాగం. ఒక హార్మోన్ నకలుతో బ్రేకు తొక్కుతూ ఇంకో నకలుతో బండిని తోస్తే ఏం లాభం?

ఐదు గంటల విరామం సంగతి ఇంటర్నెట్‌లో రాసినవాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. తింటూ ఉంటే ఊడ్పు రాదన్నది నిజమే. కానీ అది ఆరోగ్యంగా ఉన్న కడుపుకు. ఐదు గంటలు ఆగి ఒకేసారి కడుపునిండా తింటే మీకు దిగదు, వాంతి ఖాయం, పైగా ఇన్సులిన్ మీద ఉన్నారు. మీరు కొద్దికొద్దిగా, రోజుకు ఐదారుసార్లు తినండి. మెత్తగా ఉడికినవి, నూరినవి, గుజ్జు చేసినవి తినండి. తిండి ఎంత చిన్న తునకలుగా లోపలికి వెళితే ఆ పిసినారి ద్వారం అంత తొందరగా వదులుతుంది. ఘనాహారం ససేమిరా అన్న రోజున పలచని ద్రవాహారం మీద గడపండి, అది దాదాపు తన బరువుతోనే దిగిపోతుంది. కొవ్వు తగ్గించండి, అది కడుపును నెమ్మది చేస్తుంది. షుగరుకు మంచిదని అందరూ చెప్పే పీచు మీకు మాత్రం తగ్గాలి. తొక్కలు, గింజలు, పచ్చి పీచు, మలబద్ధకానికి వాడే పీచు పొడులు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఊడ్చేవాళ్లు లేని ఇంట్లో చెత్త తగ్గించుకోవడమే దారి. తిన్నాక రెండు గంటలు నడుం వాల్చకండి. రాత్రి భోజనం పెందలాడే ముగిస్తే పొద్దుటిదాకా ఎలాగూ విరామం దొరుకుతుంది, ఆ ఊడ్పుకు అవకాశం అప్పుడే.

నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతున్నా, వాంతిలో నెత్తురు గానీ కాఫీ గుండలాంటిది గానీ కనిపించినా, విరేచనం తారులా నల్లగా అయినా, సిరప్ తాగుతున్న రోజుల్లో గుండెదడ వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇంట్లో మిగిలిన ఆ సీసాను ఎలాగూ వాడొద్దు. పొడిలో నీళ్లు కలిపి తయారుచేసే సిరప్ అయితే కలిపాక పస ఉండేది కొద్దిరోజులే, ఎన్ని రోజులన్నది లేబుల్ మీదే రాసి ఉంటుంది. మీరు మానేసి నెల కావస్తోంది కాబట్టి దాని గడువు తీరే ఉంటుంది. డాక్టరు మళ్లీ వాడమంటే కొత్త సీసా కొనుక్కోండి. 5 మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉందో దాని మీద చూడండి. పాత సీసా, కొత్త సీసా బలం వేరువేరుగా ఉండొచ్చు.